పర్వాలేదు

భర్త ఆడ్వార్ తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఎడమ డొక్కలో ఎవరో లోపలినుంచి గుప్పిట పట్టి లాగినట్టయింది. తూరిద్ బల్ల అంచు పట్టుకుని, అది సర్దుకునేదాకా నిలబడి, మళ్ళీ పెట్టె కదిపింది. ఎల్లుండి మే పదిహేడు. జాతీయ దినోత్సవం ఊరేగింపులో ఆడ్వార్ బృందంతో కలిసి పాడాలి, చొక్కా మీద ముడత కనబడకూడదు. రెండేళ్ళ క్రితం తన ఆపరేషనుకి ముందురోజు కూడా ఆమె ఇదే చొక్కా ఇస్త్రీ చేసి, తగిలించి, అప్పుడు ఆసుపత్రికి పడవెక్కింది.

"ఇంకా ఆ ఉత్తరం పట్టుకునే వేలాడుతున్నావా?" అన్నాడు ఆడ్వార్, పేపరు దించకుండానే.

ఉత్తరం కాఫీ డబ్బా పక్కనే ఉంది. ఆసుపత్రుల్లో జరిగిన నష్టాలను విచారించే కార్యాలయం నుంచి వచ్చి మూడు వారాలైంది. తీర్పు ఒప్పుకోకపోతే తిరిగి రాయడానికి ఇవాళే ఆఖరు. 'రోగి తనకు పర్వాలేదని ప్రతిరోజూ చెప్పినందువల్ల, ముందుగా స్కానింగు చేయించవలసిన కారణం వైద్యులకు కనబడలేదు. చికిత్సలో లోపం లేదు.'

ముప్పై ఏళ్ళుగా పిల్లల వ్యాసాలు దిద్దిన కళ్ళు ఆమెవి. ఆసుపత్రి వాళ్ళు రాసుకున్న కాగితాలు తెప్పించుకుని అలాగే చదివింది, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి. గర్భసంచి తీశారు. తీసేటప్పుడు మూత్రనాళానికి కత్తి తగిలింది, ఎవరూ చూసుకోలేదు. మొదటిరోజు: పర్వాలేదంటోంది. రెండోరోజు: పర్వాలేదంటోంది, ఓపిక గల మనిషి. మూడోరోజు: పర్వాలేదంటోంది, ఇంటికి పంపవచ్చు. ఇంటికి వచ్చిన మూడోనాడు అంబులెన్సు పడవలో మళ్ళీ తీసుకెళ్ళేసరికి ఎడమ మూత్రపిండం పాడైపోయింది. అదీ తీసేశారు.

డాక్టరు రాజధాని నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమె చెప్పిన మాటే రాసుకున్నాడు. ఈ దీవిలో ఎలా ఉన్నావని ఎవరడిగినా జవాబు ఒక్కటేనని అతనికి తెలియదు. పడవ మునిగినా, పెళ్ళి కుదిరినా పర్వాలేదు. ఆ మాట ఎలా పలికారో, ఎంత ఆలస్యంగా పలికారో విని మిగతాది తెలుసుకోవాలి. ఆడవాళ్ళకైతే ఆ ఆలస్యానికి కూడా వీల్లేదు. "నేను పొద్దున ఆడ్వార్‌ని కన్నాను, సాయంత్రం చేపలు కోశాను. ఎవరినైనా లేపానా?" అని అత్తగారు మాగ్నీ పెళ్ళైన కొత్తలో చెప్పింది. తూరిద్ నేర్చుకుంది. ఇంటికి వచ్చిన ఆ మూడు రోజులూ ఆమె బంగాళాదుంపలు ఉడకబెట్టింది. ఆడ్వార్ చేపలో ఉప్పు తక్కువైందన్నాడు.

"నువ్వే కదా అన్నావు పర్వాలేదని," అన్నాడు ఆడ్వార్ ఇప్పుడు. "వాళ్ళేమన్నా జ్యోతిష్కులా? పైగా ఆ వార్డు నర్సు మా బృందంలోనే పాడుతుంది. ఎల్లుండి ఆమె మొహం ఎలా చూడను?"

తూరిద్ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"మీ నాన్నని ఒడ్డుకి తెచ్చిన రోజు గుర్తుందా?"

పేపరు దిగింది.

"ఆయన శవాన్ని నువ్వే నీళ్ళలోంచి లాగావు. సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డావు. ఎలా ఉన్నావని మా అమ్మ అడిగింది. ఏమన్నావు?"

"ఇప్పుడు ఆయనెందుకు మధ్యలో?"

"పర్వాలేదన్నావు. నేను నిన్ను కూర్చోబెట్టి చేతితొడుగులు విప్పాను. నీ వేళ్ళు వంగలేదు. తెల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను." ఆమె గొంతు పెరగలేదు, తరగతిలో కూడా ఎప్పుడూ పెరగదు. "నువ్వు ఆ మాటంటే నాకు అర్థమైంది ఆడ్వార్. నేను ఆసుపత్రి నుంచి ఫోనులో అదే మాట అంటే, నువ్వు సబ్బుపొడి ఎక్కడుందని అడిగావు."

అతను కిటికీలోంచి రేవు వైపు చూశాడు. పేపరు మడిచి, "దొరకలేదు మరి," అన్నాడు.

ఆమెకు నవ్వు రాబోయింది. నవ్వితే డొక్క నొప్పి.

చొక్కా ఒక చేయి ఇంకా మిగిలే ఉంది. అలాగే వదిలేసి, ప్లగ్గు తీసి, కాగితం ముందు కూర్చుంది. పిల్లలకు చెప్పినట్టే చిన్న వాక్యాలు రాసింది. 'మా దీవిలో పర్వాలేదు అనేది జవాబు కాదు, నమస్కారం లాంటిది. నేను నొప్పి చెప్పలేదు, నిజమే. కానీ మీ నర్సు మూడోరోజు పొద్దున నా జ్వరం నూటొకటి అని రాసింది. మూత్రం సగానికి తగ్గిందని రాసింది. డొక్క వాచిందని రాసింది. ఆ కాగితం జతచేస్తున్నాను. థర్మామీటరుకి మా దీవి మాట రాదు. అది ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని ఎవరూ ఎందుకు చదవలేదో నాకు చెప్పండి.' సంతకం పెట్టింది. ఒక్క మాటా కొట్టివేయలేదు.

కోటు వేసుకుంటుంటే ఆడ్వార్ అడిగాడు, "చొక్కా?"

"పెట్టె ఇంకా వేడిగానే ఉంది," అంది తూరిద్.

పోస్టు కౌంటరు కిరాణా కొట్లోనే ఉంటుంది, నాలుగింటికి మూసేస్తారు. కౌంటరులో యూరున్ ఉంది. ఒకప్పటి శిష్యురాలు, ఇప్పుడు ముప్పై దాటింది. ఏడేళ్ళప్పుడు మంచు మీద పడి, మణికట్టు విరిగినా చివరి గంట దాకా నోరెత్తకుండా కూర్చుంది. పర్వాలేదు టీచర్, అంది. మర్నాడు తూరిద్ ఆ పిల్లను బోర్డు ముందు నిలబెట్టి తరగతి చేత చప్పట్లు కొట్టించింది. చూశారా, ఏడవలేదు, అని.

"రిజిస్టరు చేయాలి," అంది తూరిద్, కవరు ముందుకు జరిపి.

యూరున్ చిరునామా చదివింది. కవరు మీద ముద్ర వేసింది. ఈ దీవిలో అందరూ అడిగినట్టే అడిగింది. "ఎలా ఉన్నారు టీచర్?"

ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. యాభై నాలుగేళ్ళుగా దానంతటదే వచ్చే మాట.

"బాలేదు యూరున్," అంది తూరిద్. "నొప్పిగా ఉంది. రోజూ ఉంటుంది."

వెనక వరుసలో ఎవరో దగ్గారు. యూరున్ రసీదు చింపబోయి ఆగింది. ఎడమ చేతి గాజు పైకి తోసుకుని, వంకరగా అతుక్కున్న మణికట్టును కౌంటరు మీద పెట్టింది.

"నాక్కూడా టీచర్," అంది. "ఆ రోజు నుంచీ."