పొద్దుటి ట్యూబు, రాత్రి ట్యూబు

“ఇది పొద్దున. ఇది రాత్రి. రెండూ కలిపి రాయకూడదు. ఏదీ, ఇప్పుడు మీరు చెప్పండి.”

ఎదుటి స్టూలు మీద కూర్చున్న టైలరు తారుమారు చేసి చెప్పాడు. ఆమె విసుక్కోలేదు. ప్లాస్టరు చుట్టలోంచి గోరంత ముక్క చింపి ఒక ట్యూబుకు అంటించి, దాని మీద సూర్యుణ్ణి గీసింది. రెండోదాని మీద నెలవంక గీసింది.

“సూర్యుడున్నది పొద్దున. తువ్వాలుకు తగిలితే రంగు పోతుంది, పాత గుడ్డతో తుడుచుకోండి. చంద్రుడున్నది రాత్రి. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత. మొదట్లో వారానికి రెండు రాత్రులే.”

“ఎక్కువ రాస్తే తొందరగా తగ్గుతుంది కదమ్మా?”

“ఇస్త్రీపెట్టె ఒకేచోట ఆనించి ఉంచితే ముడత తొందరగా పోతుందా?”

టైలరు నవ్వి, ట్యూబులు జేబులో వేసుకుని వెళ్లాడు.

ఆ పూటకి అతను పదకొండోవాడు. లోపలి గదిలో చర్మవ్యాధుల డాక్టరు మనిషికి మూడు నిమిషాలు మాట్లాడి కాగితం చేతిలో పెడతాడు. బయటికి వచ్చినవాళ్లు మందులు కొనుక్కుని, వాటితో ఏం చెయ్యాలో తెలియక ఈ గదిలోకి వస్తారు. ఒకప్పుడు సామాన్ల గది ఇది. ఒక బల్ల, ఒక కుర్చీ, రెండు స్టూళ్లు, సగం దాకా తెల్లరంగు పూసిన కిటికీ, దాని ఊచకి ఆమె గొడుగు. ముప్ఫై ఏడేళ్లుగా ఆమె ఇక్కడే కూర్చుని ఎవరి మందు వాళ్లకి పెద్ద అక్షరాల్లో చీటీ రాసిస్తోంది. అందుకే అందరికీ చీటీలక్క అయింది. అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు.

పొట్టి మనిషి. నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, మందపాటి కళ్లద్దాలు. రెండు బుగ్గల మీదా, గడ్డం కిందా పెచ్చులూడిన గోడలాగా ముదురు మచ్చలు. చర్మం ఆసుపత్రిలో ఈ ముఖమేమిటని కొత్తవాళ్లు ఒక క్షణం తడబడతారు. వాళ్లు చూపు తిప్పుకునే లోపే ఆమె అనేస్తుంది. “మచ్చలు చూపించుకుందామని వచ్చానండీ, మచ్చలాగే ఉండిపోయాను.” ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నదో, అన్నిసార్లూ తనే ముందు నవ్వుతుంది.

ఆ రోజు పొద్దుటి నుంచి ఎడమ దవడ లాగుతోంది. లవంగనూనెలో దూది ముంచి పన్ను కింద పెట్టుకుంది. కాగితాల కోసం వచ్చిన డాక్టరు చూశాడు.

“దవడ పట్టుకున్నావేంటక్కా?”

“పాత పన్ను బాబూ. ఆదివారం పీకించేస్తా.”

“సాయంత్రం చూస్తానుండు,” అని వెళ్లిపోయాడు. అతని తండ్రి ఇక్కడ డాక్టరుగా ఉన్న రోజుల్లో అతనికి అన్నం తినిపించింది ఆమే. ఆ చనువుతోనే ఆమె అతని మాట లెక్కచేయదు.

పన్నెండు దాటాక ఒక బస్సు డ్రైవరు, యూనిఫాంలోనే, కూతుర్ని వెంటబెట్టుకు వచ్చాడు. పిల్లకి పందొమ్మిదేళ్లుంటాయి. కళ్లు తప్ప ఏమీ కనబడకుండా చున్నీ చుట్టుకుంది. డ్రైవరు ఒక సంచి బల్ల మీద బోర్లించాడు. నాలుగు సీసాలు, మూడు ట్యూబులు దొర్లాయి. మొటిమల యాసిడ్, చర్మం పెచ్చులూడదీసే యాసిడ్, విటమిన్ నీళ్లు, పొద్దున రాయాల్సిన క్రీము, రాత్రి రాయాల్సిన క్రీము.

“ఫోనులో చూసి కొన్నదమ్మా. ఒక్కొక్కటి ఒక్కొక్కరు మంచిదన్నారంట. అన్నీ కలిపి రాసింది, ఎనిమిది రోజులు.”

పిల్ల చున్నీ తీసింది. ముఖం ఉడికినట్టు ఎర్రగా ఉంది. ముక్కు పక్కల చర్మం పొరలుగా లేచింది. పెదవుల మూలలు చిట్లి, మాట్లాడితే రక్తం చెమరుస్తోంది. ఆ ఎరుపు కింద మొటిమలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

“అన్నీ ఆపెయ్యమన్నారు డాక్టరుగారు,” అంది పిల్ల. “ఆపితే ఇంకా ఎక్కువవుతాయి కదా ఆంటీ?”

డ్రైవరు గోడకేసి చూస్తూ గొంతు తగ్గించాడు. “వారం నుంచి గది దాటి రావట్లేదమ్మా. వాళ్లమ్మ మేడ తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగుకి కట్టుకు తిరుగుతోంది.”

రాస్తున్న పెన్ను ఆగింది. చీటీలక్క డ్రైవర్ని మామూలు క్రీము తెమ్మని మందులషాపుకి పంపించి, స్టూలు దగ్గరికి లాక్కుంది.

“నాకప్పుడు ఇరవై ఒకటి. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పది రోజులే ఉంది. పక్కింటావిడ ఇచ్చిన ట్యూబు, షాపువాడిచ్చిన యాసిడ్ నీళ్లు, పైన ఇంకో క్రీము. అన్నీ కలిపి పట్టించాను. నాలుగో రోజుకి నీలాగే అయింది. మంటకి ఇంకోటి రాశాను, ఎండలో తిరిగాను, పొర లేస్తే గిల్లాను. ఇదిగో, ఇలా మిగిలాను. ఎక్కడ దూకుతానోనని మా నాన్న నా కళ్లముందే బావి మీద పలకలు వేయించాడు.”

పిల్ల కళ్లెత్తి చూసింది.

“నీది ఎర్రబడింది అంతే, నల్లబడలేదు. గిల్లకుండా ఉంటే మానుతుంది. నీకు అబద్ధం చెప్పను, మొటిమలు మళ్లీ వస్తాయి. అప్పుడు ఒక్క మందు మొదలుపెడదాం. చర్మం దానికి అలవాటయ్యాకే రెండోది.”

పిల్ల బల్ల మీది సీసాలన్నీ తిరిగి సంచిలో వేసింది. తర్వాత అడిగింది. “మరి ఉద్యోగం?”

“ఆ ముఖంతో ఎలా వెళ్తాను తల్లీ? వెళ్లలేదు.”

“టెలిఫోన్ ఉద్యోగమే కదా ఆంటీ. అందులో ముఖం ఎవరు చూస్తారు?”

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. చీటీలక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. ముప్ఫై ఏడేళ్లలో ఈ ప్రశ్న ఆమెకే తోచలేదు, ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

డ్రైవరు తిరిగొచ్చాడు. ఆమె చీటీ రాసింది. ‘మంచినీళ్లతో కడగాలి. ఈ క్రీము. బయటికెళితే ఎండ నుంచి కాపాడే క్రీము. ఇంకేమీ వద్దు.’ కింద గీత గీసింది.

“డాక్టరుగారు రెండు వారాలకి రమ్మన్నారు. నువ్వు మూడోరోజే రా. ఆయనకి కాదు, నాకు చూపించి వెళ్లు. వస్తావా?”

పిల్ల తలూపింది. వాళ్లు వెళ్లాక ఆమె లోపలికి వెళ్లి, మేడ తాళం సంగతి డాక్టరుకు చెప్పింది. మనసు వైద్యుడికి ఉత్తరం రాయించి, కాంపౌండర్ని పరుగెత్తించి డ్రైవరుకు అందేలా చేసింది.

రెండు నుంచి నాలుగు దాకా ఆసుపత్రి మూసి ఉంటుంది. ఆమె ఉండే తమ్ముడి ఇల్లు రెండు బస్సుల దూరం, మరదలికి మధ్యాహ్నం నిద్ర చెడితే ఇల్లంతా చెడుతుంది. అందుకని ఆమె ఆ రెండు గంటలూ కుర్చీలోనే గడుపుతుంది. ఇవాళ ఏమీ తినబుద్ధి కాలేదు. నొప్పి దవడ నుంచి భుజానికి దిగింది. పన్నుకి ఇంత పొగరేమిటనుకుంది.

తల గోడకి ఆనించి కళ్లు మూసుకుంది. ఆ టెలిఫోన్ ఆఫీసు కళ్లలో మెదిలింది. చెవులకి తగిలించుకునే ఫోను, ఎదురుగా వరసలుగా దీపాలు, ఎక్కడివాళ్లో ఎవరో అవతల. గదిలో ఎవరూ లేరని ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకుని, నెమ్మదిగా అంది.

“చెప్పండి, ఏ నంబరు కావాలి?”

గొంతు బాగుంది. ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇంకోసారి అనబోయి, ఊపిరి చాలక ఆగింది.

నాలుగింటికి డాక్టరు రెండుసార్లు గంట కొట్టి, విసుగ్గా తనే లేచి వచ్చాడు. గుమ్మంలో నిలబడి “అక్కా, నిద్రేంటీ,” అన్నాడు. దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. బయట బల్లల మీద కూర్చున్న పదహారుమంది పిలుపు కోసం చూస్తున్నారు.

మూడోరోజు పిల్ల ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చున్నీ మెడ దాకా దిగింది. ఎరుపు కొంచెం తగ్గింది. కాంపౌండరు పిల్లని చూసి, చీటీలక్క మొన్న కుర్చీలోనే పోయిందమ్మా అని చెప్పాడు. పిల్ల గదిలోకి వెళ్లి, ఎవరూ రమ్మనకపోయినా, ఆ స్టూలు మీదే కూర్చుంది. ముఖం ఎవరికి చూపించాలో తెలియలేదు.

తమ్ముడు వచ్చి సంచీ, చెప్పులూ, జీతం కాగితాలూ తీసుకెళ్లాడు. కిటికీ ఊచకి తగిలించిన గొడుగు మాత్రం అతని కంటపడలేదు. ఎండకి నలుపు పోయి గోధుమరంగుకి తిరిగింది. బిగించే గుండీ ఎప్పుడో ఊడినట్టుంది, దాని బదులు కట్టుకట్టే గుడ్డ పేలికతో రెండు చుట్లు చుట్టి, ముడి వేసి ఉంది.