నల్లతెరల గది

వీరవేణి స్టూలెక్కి కిటికీకున్న నల్లతెర అంచును టేపుతో మళ్ళీ అతికించింది. సూదంత సందు దొరికినా పొద్దుటెండ లోపలికి వచ్చేస్తుంది. దిగేటప్పుడు మోకాలు కలుక్కుమంది. మంచం పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. రాజమండ్రిలోని ఈ కేన్సర్ ఆసుపత్రిలో ఆయాగా ఆమెకిది పంతొమ్మిదో ఏడు.

మంచం మీదున్నది ఉప్పాడ నుంచి వచ్చిన తాతాజీ. నలభై ఏళ్ళు పడవ మీద చేపల వేటకెళ్ళి ఎండకు నల్లబడిన మనిషి. అన్నవాహికలో గడ్డ పెరిగి మూడు వారాలుగా గుక్క నీళ్ళు కూడా దిగక సెలైన్ మీదే ఉన్నాడు. ఆరు రోజుల కిందట నరంలోకి మందెక్కించారు. ఆ మందు గడ్డలోకి చేరాక, గొంతులోకి సన్నటి గొట్టం దించి ఎర్రని వెలుతురు పెట్టారు. వెలుతురు తగిలిన చోట మందు రగిలి గడ్డను కాలుస్తుంది. అయితే చర్మంలో ఇంకా మందుంది. ఎండ సోకితే ఒళ్ళంతా బొబ్బలే. అందుకే ఈ చీకటి.

“ఎండ చూడకుండా ఇన్నాళ్ళు ఎప్పుడూ లేను చెల్లెమ్మా,” అన్నాడు తాతాజీ.

“ఇంకెన్నాళ్ళులెండి అన్నయ్యగారూ.”

అన్నాక నాలుక కరుచుకుంది. జబ్బు కాలేయానికి పాకిందనీ, ఈ వైద్యం నాలుగు ముద్దలు దిగడానికేననీ డాక్టరుగారు అతని భార్య బేబీకి చెబుతుంటే నిన్న వింది.

మధ్యాహ్నం పల్చటి గంజి పట్టమన్నారు. వీరవేణి మొదటి చెంచా అతని పెదవులకు ఆనించింది. ఆమె భర్త చంద్రరావు ఇదే జబ్బుతో పోయాడు. చివరి పది రోజులూ తడి దూదితో పెదవులు అద్దడం తప్ప ఆమె చేయగలిగింది లేదు. దినాలు కాగానే ఇక్కడ పనికి చేరింది.

తాతాజీ కళ్ళు మూసుకున్నాడు. గొంతు కదిలింది.

“దిగింది,” అన్నాడు మెల్లగా.

బేబీ గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగో చెంచాకి తాతాజీ, “ఉప్పు చాల్లేదమ్మా,” అన్నాడు. వీరవేణి మోకాలు పట్టుకుని రెండంతస్తులు దిగి, కేంటీన్‌లో చిటికెడు ఉప్పు కాగితంలో పొట్లం కట్టించుకుని మళ్ళీ ఎక్కింది. గిన్నె ఖాళీ అయింది.

ఇంకో రెండ్రోజులు ఉండమన్నారు డాక్టరుగారు. తాతాజీ వినలేదు. తినేదేదో ఇంటి దగ్గరే తింటానన్నాడు. పొద్దు పూర్తిగా వాలాక దుప్పటి కప్పి కారెక్కించారు.

“వెళ్ళొస్తాం చెల్లెమ్మా.”

“జాగ్రత్తండి. ఎలా ఉందో కబురు చెయ్యండి.”

అలాగేనన్నాడు. ఫోన్ నంబరు అతను అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

రేపటి రోగి కోసం పక్క మార్చడానికి వీరవేణి పైకొచ్చింది. దిండు ఎత్తితే కింద అరచెయ్యంత వల ముక్క. సెలైన్ సూది మీది కట్టుగుడ్డ దారాలు పీకి ఆ చీకట్లోనే చేత్తో తడుముకుంటూ అల్లినట్టున్నాడు. వల కన్ను ఒక్కటి కూడా వంకర పోలేదు.