పదిహేడో వివరణ

మే నెల చివరి శుక్రవారం మా కొడవళ్ల కర్మాగారం గేటు దగ్గర ఒక బల్ల వేస్తారు. ఎడమవైపు అధికార పత్రాలు, కుడివైపు సాసేజి కూపన్లు. వాటాదారుడైన కార్మికుడు ఎడమవైపు సంతకం పెట్టి తన ఓటు డైరెక్టరుకు అప్పజెబుతాడు, కుడివైపు కూపన్ తీసుకుని ఆవరణలోకి నడుస్తాడు. అక్కడ వేడి సాసేజి, ఆవపచ్చడి, ఒక గ్లాసు వైను. లోపల హాల్లో వాటాదారుల సమావేశం ఖాళీ కుర్చీల మధ్య జరిగిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే ఆచారం. ఇందులో తప్పేముందని మీరడగవచ్చు. మేమూ అలాగే అడిగేవాళ్లం.

స్లొవేనియా స్వతంత్ర దేశమైన కొత్తల్లో కర్మాగారం వాటాల్లో సగానికి పైగా కార్మికులకే దక్కాయి. అంటే యజమానులం మేమే. కానీ యజమానులకు ఏటా ఇంటికి వచ్చే అరవై పేజీల నివేదికను మేమెలా చదివేవాళ్లమో చెబితే మీరు నవ్వుతారు. ఈసారి ఎవరి ఫొటో వేశారో చూసేవాళ్లం. లాభం ఎంతని పెద్ద అక్షరాల్లో ఉంటే అది చూసేవాళ్లం. అక్కడితో సరి. కాగితం మరీ నున్నగా ఉంటుంది, పొయ్యి రాజేయడానికి కూడా పనికిరాదని కొలిమిలో పనిచేసే లోయ్‌జే విసుక్కునేవాడు.

వీదా మా కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లుగా కొడవలి రేకులు పరీక్షిస్తోంది. ప్రతి రేకునూ దాగలి ఇనుప దిమ్మకు తాటించి చెవి దగ్గర పెట్టుకుంటుంది. గట్టి రేకు ఖంగున మోగుతుంది. కంటికి ఆనని పగులున్నా సరే, మోత బొంగురుపోతుంది. ఆమె పక్కన పెట్టిన రేకును తిరిగి పెట్టెలో వేసే ధైర్యం ఫోర్‌మన్‌కు కూడా లేదు.

ఆ ఏడు నివేదిక నాలుగో పేజీలో వీదా ఫొటో పడింది. మెడలో రుమాలు, చేతిలో కొడవలి. ఆమె మురిసిపోయింది. ఇంకెక్కడైనా వేశారేమోనని ఆశపడి ఒక్కొక్క పేజీ తిప్పుతూ, ఎప్పుడూ ఎవరూ వెళ్లని యాభై ఒకటో పేజీకి చేరింది. అక్కడ చీమ తలకాయలంత అక్షరాల్లో ఇలా ఉంది: "పదిహేడో వివరణ. ఇతర ఆదాయం. సముద్రతీరపు విశ్రాంతి గృహం అమ్మకం వలన లాభం, నాలుగు లక్షల అరవై వేల యూరోలు."

వీదా ఆ వాక్యం మళ్లీ చదివింది. ఆ ఇల్లు కార్మికులు సెలవు రోజుల్లో ఇటుకలు మోసి కట్టుకున్నది. ఆమె పెళ్లయిన మొదటి వారం గడిపింది అక్కడే. మరమ్మతులు జరుగుతున్నాయని చెప్పి రెండు వేసవులుగా ఎవరినీ పంపడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె నివేదిక చంకన పెట్టుకుని టిల్కా ఇంటికి వెళ్లింది. టిల్కా కర్మాగారంలో లెక్కలు రాసి రిటైరైన మనిషి, డెబ్భై ఎనిమిదేళ్లు. తేనెపెట్టెల దగ్గర పొగ పెడుతోంది.

"టిల్కా అత్తా, నాకిది చదవడం నేర్పు."

"ముప్పై ఏళ్లకి గుర్తొచ్చానా? కూర్చో. ఆ అక్రోటు రొట్టె తిను, బుర్ర పనిచేస్తుంది."

టిల్కా కళ్లజోడు సర్దుకుని పేజీలు తిప్పింది. "ఇదిగో, పెద్ద అక్షరాలు వాళ్లు చూపించాలనుకున్నవి. చిన్న అక్షరాలు చట్టానికి భయపడి రాసినవి. నువ్వు చిన్నవాటి దగ్గర మొదలెట్టు. మొత్తం లాభం ఎంతన్నారు?"

"మూడు లక్షల పది వేలు. రికార్డట."

"ఇల్లు అమ్మితే వచ్చిందెంత?"

"నాలుగు లక్షల అరవై."

"దీన్లోంచి అది తీసెయ్."

వీదా వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "అత్తా! అంటే కొడవళ్ల మీద లక్షా యాభై వేలు నష్టమా?"

"అదే మరి. ఇప్పుడు తీర్మానాల పేజీ చూడు. ఆ మూడు లక్షల పదివేలూ వాటాదారులకు పంచేస్తారట. అందులో పై అధికారులకు బోనస్. పాత కొలిమి మార్చడానికి ఎంత పెట్టారో వెతుకు."

వీదా వెతికింది. ఒక్క యూరో కూడా లేదు. ఆ కొలిమి ఇంకో రెండేళ్లు లాగదని లోయ్‌జే రోజూ మొత్తుకుంటున్నాడు. అది ఆగితే తొంభై మంది ఇళ్లకు పోవాలి. ఇన్నేళ్లూ రేకులను తాటించి చూసిన తాను ఈ కాగితాన్ని ఒక్కసారైనా తాటించి చూడలేదని ఆమెకు సిగ్గేసింది. తర్వాత కోపమొచ్చింది.

శుక్రవారం వచ్చింది. వీదా బల్ల దగ్గర ఆగలేదు.

"ఏం వీదా, ఫొటో పడగానే సాసేజీలు చేదయ్యాయా?" అని లోయ్‌జే ఎగతాళి చేశాడు. "కొమ్ములొచ్చాయిరా దీనికి!"

"నీ కొలిమి కోసమే పోతున్నాను లోపలికి. తిన్నది అరిగాక రా," అంది ఆమె.

హాల్లో పదిమంది కూడా లేరు. వెనక వరుసలో టిల్కా కూర్చుని ఉంది. డైరెక్టర్ గొరాజ్ద్ రికార్డు లాభం గురించి చెబుతుండగా వీదా లేచి నిలబడింది. నివేదికను యాభై ఒకటో పేజీ దగ్గర తెరిచి పట్టుకుంది.

"డైరెక్టర్ గారూ, కొడవళ్లు అమ్మి ఎంత సంపాదించాం?"

"అది కాస్త సాంకేతిక విషయమమ్మా. మీకెందుకు ఆ తలనొప్పి? నివేదికలో అన్నీ వివరంగా ఉన్నాయి."

"ఉన్నాయి. పదిహేడో వివరణ నేను చదువుతాను, మీరు వినండి." ఆమె ఒక్కొక్క మాటా వేలితో పట్టుకుని చదివింది. "సముద్రం దగ్గర మన ఇల్లు అమ్మేశారు. దాన్ని తీసేస్తే మనకు లక్షా యాభై వేలు నష్టం. వచ్చే ఏడు దేన్ని అమ్మి లాభం చూపిస్తారు?"

కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆవరణలో నవ్వులు ఆగిపోయాయి. ముందుగా లోయ్‌జే వచ్చాడు, చేతిలో సగం కొరికిన సాసేజితో.

"ఇల్లు అమ్మేశారా? ఆ మెట్లకు సిమెంటు కలిపింది మా నాన్న!"

"ఓటింగు మొదలవబోతోంది. మీరు అధికార పత్రం ఇచ్చేశారు," అన్నాడు డైరెక్టర్.

వెనక వరుసలోంచి టిల్కా చేతికర్ర నేలకు తాటించింది. "ఇచ్చినవాడు స్వయంగా వస్తే వెనక్కి తీసుకోవచ్చు. ఆ పత్రం కిందే రాసి ఉంది, చిన్న అక్షరాల్లో."

లోయ్‌జే సాసేజి అధ్యక్షుని బల్ల మీద పెట్టాడు. "ఇదిగో మీ సొమ్ము. నా ఓటు నాకిచ్చెయ్యండి." అతని వెనక వరస కట్టారు. నూనె చేతులు, ఆవపచ్చడి అంటిన మూతులు, ఒక్కొక్కరే తమ పత్రం వెనక్కి తీసుకున్నారు. పంపకం తీర్మానం వీగిపోయింది. ఆ డబ్బు కొత్త కొలిమికి కేటాయించాలని లోయ్‌జే పెట్టిన తీర్మానం నెగ్గింది. ఇల్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ బాధ మాకు ఇప్పటికీ ఉంది.

చివర్లో టిల్కాను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "మరమ్మతులని నోటితో బొంకినా, ఆ ఇల్లు అమ్మిన సంగతి కాగితం మీద దాచలేదర్రా. అచ్చేసి, ఇంటింటికీ పంపి మరీ చెప్పారు. మనమే పేజీ తిప్పలేదు. చదువుకున్నవాళ్ల వ్యవహారంలే అనుకున్నాం. కంటికి కనబడని పగులు చెవితో పట్టే మనుషులకు ఒక తీసివేత లెక్క రాదా?"

ఆ వేసవి నుంచి భోజనశాలలో నెలకో ఆదివారం నివేదిక చదువుకుంటున్నాం. ముందు వివరణలు, తర్వాత లెక్కల పట్టీలు, ఫొటోలు ఆఖర్న. మా లోయలో ఇప్పుడు గడ్డి కోసేవాళ్లు కూడా తమ పాల సంఘం లెక్కలు తెచ్చి వీదా ముందు పెడుతున్నారు. ఇది రాస్తుంటే నాకు ఛాతీ పొంగుతోంది, దాచుకోను.

మరుసటి మేలో కూడా గేటు దగ్గర బల్ల వేశారు. ఆఫీసు అమ్మాయి కలం అందించింది. లోయ్‌జే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సంతకం సంగతి తర్వాత. సాసేజి మాత్రం సమావేశమయ్యాక అందరం కలిసి తింటాం, చల్లారనివ్వకమ్మా," అని హాల్లోకి నడిచాడు.

ఆ రోజు హాల్లో కుర్చీలు చాలలేదు. తన సంస్థ లెక్క తాను చదువుకోగలిగిన నాడే కార్మికుడు నిజంగా యజమాని అవుతాడు.