సోమవారం పక్క సీటు

నేను ఒక ఆబ్జెక్టును, అంటే వస్తువును. చెక్కతోనో ఇనుముతోనో కాదు, అక్షరాలతో చేశారు నన్ను. పట్టిన పట్టు వదలడమన్నది మా ఇంటావంటా లేదు. యముడు పాశం విసిరితే, ఆ పాశాన్ని కూడా పట్టుకుని కూర్చునే రకాన్ని!

నన్ను పుట్టించింది హిమజ అనే ప్రోగ్రామర్. బస్సు టిక్కెట్లమ్మే కంప్యూటర్లో నా కొలువు. ఎవరైనా ఫోన్లో సీటు ఎంచుకోగానే నేను పుట్టి, అది ఇంకొకరికి పోకుండా పట్టుకోవాలి. పని ముగిశాక ‘ఇక వదులు’ అని చివరి వరుసలో రాసింది హిమజ. పని మధ్యలోనే చెడితే ఆ వరుసదాకా ఎవరొస్తారని ఆలోచించలేదు. మనుషులు కదా, అన్నీ సవ్యంగా ముగుస్తాయనే అనుకుంటారు.

టెక్కలి నుంచి విశాఖ వెళ్లే బస్సులో, పైడమ్మ ఆస్పత్రి ప్రయాణాలకని ప్రతి సోమవారానికీ కిటికీ సీటు తీసుకున్నాడు ఆమె భర్త లోకనాథం. పక్క సీటు కూడా అన్ని సోమవారాలకూ తనకని నొక్కాడు. నేను పట్టుకున్నాను. అంతలో ఆయన గుండె ఆగింది. టిక్కెట్టు పని సగంలో చెడి, ప్రోగ్రాం ఆ చివరి వరుసను దాటి దూకేసింది. నన్ను వదలమనే దిక్కు లేకుండా పోయింది.

ఇక ఏ సోమవారమూ ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. బస్సు కిక్కిరిసినా కండక్టర్ ఒప్పుకోడు. “ఎవులో బుక్ చేసీసినారు, కూకోకండి!” పైడమ్మ దానిమీద భర్త తువ్వాలు పరిచి, దారి పొడుగునా కబుర్లు చెప్పేది. ఆవిడ మాట్లాడుతుంటే సీటు మెత్త కాస్త కిందికి దిగేది. వెనకవాళ్లు కళ్లు మూసుకుని హనుమంతుణ్ణి తలుచుకునేవారు.

ఒక సోమవారం, నెలలు నిండిన పిల్ల ఒకతె నిలబడలేక సీట్ల మధ్య కూలబడింది. “లెగమ్మా, ఈడ కూకో” అనబోయి, తువ్వాలు వైపు చూసి పైడమ్మ నోరు మూసుకుంది. ఆ పిల్ల దారంతా కిందే కూర్చుంది. కండక్టర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. “దెయ్యం కూకున్న సీటు నాకొద్దు సార్!”

హిమజ వెతికి వెతికి నన్ను పట్టుకుంది. “అమ్మో, నువ్వింకా బతికే ఉన్నావా?” అంది. నా రాత మార్చింది. పని నెగ్గినా చెడినా సరే, ఆయువు తీరగానే ఎవరూ చెప్పకుండానే నా చెయ్యి తెరుచుకోవాలట. తర్వాత ప్రోగ్రాంను ఆపి మళ్లీ మొదలుపెట్టింది. యముణ్ణే పట్టుకుంటానన్న మొనగాణ్ణి, హిమజ వేలు ఒకసారి ఆడితే సీటు వదిలేసి చచ్చాను.

మరుసటి సోమవారం ఆ సీటు గర్భిణి పిల్లే కొనుక్కుంది. పైడమ్మ తువ్వాలు తీసి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకుంది.

“కూకోమ్మా. మా ఆయన దిగిపోనాడు.”

చచ్చినవాడివి ఎలా చెబుతున్నావంటారా? నేనున్న చోటు ఖాళీ అని రాసుకున్నారే గాని, కంప్యూటర్ జ్ఞాపకంలోంచి నన్నెవరూ తుడవలేదు. ఇంకెవరో వచ్చి నామీద రాసుకునేదాకా ఇక్కడే ఉంటాను.

అన్నట్టు, మెత్త దిగిందన్నది మాత్రం నేనల్లిన ముక్క. ఎన్ని సోమవారాలు చూసిందో పైడమ్మ, అది ఒక్కసారీ దిగలేదు.