గరాజులో తడిసిన పుట్టగొడుగులు

యూనివర్సిటీలో పరిశోధన కోసం ఎండబెట్టి దాచిన పుట్టగొడుగుల గదికి మ్వెల్వా కపాసా బాధ్యురాలు. ఆమె సెలవు మీద కసామా వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆ గది నిండా స్నాతకోత్సవం కుర్చీలున్నాయి. పుట్టగొడుగుల బీరువాలు లేవు.

"కంగారు పడకండి మేడమ్, పాత గరాజులో పెట్టించాను," అన్నాడు భవనాలు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ సికోటా. "ఎండిపోయినవేగా, ఎక్కడుంటే ఏం?"

"ఆ గరాజు పైరేకులు కారతాయి కదయ్యా! తాళంచెవి ఇవ్వు."

తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గరుంది. అతను చావుకని ఎన్డోలా వెళ్ళాడు. రెండో తాళంచెవి డీన్ దగ్గరుంది. డీన్ మీటింగులో ఉన్నాడు. మర్నాడూ మీటింగే. ఆ వారమంతా వాన దంచికొడుతూనే ఉంది.

చివరికి ఓపిక నశించి మ్వెల్వా సుత్తి తెచ్చి తాళం బద్దలు కొట్టింది. కింది అరల్లో పొట్లాలన్నీ నాని ఉబ్బిపోయాయి. వాటి మీద తెల్లటి బూజు.

"పుట్టగొడుగు మీద బూజు పట్టిందే! రెండూ శిలీంధ్రాలే. ఇక నీకు డబుల్ ప్రమోషనే," అంది సాయానికొచ్చిన స్నేహితురాలు లుఫుండా.

మ్వెల్వా కింది అరలో ఒక పొట్లం కోసం వెతికింది. సోల్వెజీ అడవిలో ఆమె గురువు ఏరి, మొదటిసారి పేరు పెట్టిన జాతి ఒకటుంది. దానికి నమూనా ప్రపంచం మొత్తంలో ఆ పొట్లంలో ఉన్నదొక్కటే. పొట్లం విప్పితే నల్లటి ముద్ద చేతికంటుకుంది.

మిగిలినవాటినైనా దక్కించుకుందామని ఇద్దరూ వరండాలో కుంపట్లు పెట్టి, పైన జల్లెళ్ళలో ఆరబెట్టారు. వాసనకు డీన్ బయటికొచ్చాడు.

"ఇక్కడ వంటేమిటమ్మా?"

"వంట కాదు సార్. మీ కుర్చీల పుణ్యం." జరిగిందంతా చెప్పింది.

"దానికింత రాద్ధాంతమా? వానలు పడ్డాయిగా, మళ్ళీ ఏరుకురండి."

"ఆ అడవి ఇప్పుడు రాగి గని సార్. గోతిలో దిగి ఏరమంటారా?"

ఆయన వాచీ చూసుకుని లోపలికెళ్ళిపోయాడు.

కుర్చీలు క్రిస్మస్ దాటినా కదల్లేదు. బీరువాలు లుఫుండా ఇంటి ముందుగదికి చేరాయి. ఆమె భర్త సోఫా వాకిట్లో వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ తన గోడు చెప్పుకునేవాడు.

ఆ తర్వాత కాంగో నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. సరిగ్గా ఆ నల్లముద్దైపోయిన జాతినే చూడాలంది. మ్వెల్వా ఆమెను సికోటా గది దాకా నడిపించుకెళ్ళి, తలుపు తీసి, "ఈయన్ని అడగండి," అని వెనుదిరిగి వచ్చేసింది.