నిద్రకు కాపలా

భుజాలు వదులు చేస్తే ఆయాసం తగ్గుతుందని ఎవరైనా చెబితే నవ్వే మనిషిని నేను. నవ్వాను కూడా, ఆ పిల్ల ముఖం మీదే. పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నట్టుందమ్మా నీ వైద్యం అన్నాను. ఆసుపత్రి హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న రోగులంతా నా వైపు తిరిగారు. జోజమ్మది మంచి నోరు కాదని తిరువూరులో మా వీధి వీధంతా చెబుతుంది, అబద్ధం కాదు.

మా ఆయన పేరు శౌరయ్య. పెళ్ళయిన కొత్తలో మామిడి లారీల మీద లోడింగుకు వెళ్ళేవాడు. తరవాత పత్తి మిల్లులో కుదిరి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ గింజ తీసే మిషన్ల దగ్గరే నిలబడ్డాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా దూది ఉండేది. ముక్కుకు గుడ్డ కట్టుకోవయ్యా అంటే ఉక్కపోతకు చస్తానే అనేవాడు. మిల్లు గేటు దాటగానే చుట్ట వెలిగించేవాడు. మొదట దగ్గు, తరవాత పిల్లికూతలు, ఆ తరవాత వీధి చివరి కొట్టు దాకా కూడా నడవలేకపోవడం. డాక్టరు గారు దాన్ని సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల్లో గాలి దారులు ముడుచుకుపోతాయట. ఇది పోయే జబ్బు కాదమ్మా, పెరగకుండా చూసుకోవడమే అని ఆయన చెబుతుంటే నేను మా ఆయన కాళ్ళ వంక చూశాను. చెప్పుల్లో వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి.

ఆయాసం ఒక ఎత్తు, ఆ భయం ఒక ఎత్తు. నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తే ఊపిరి ఆగిపోతుందని స్నానమంటేనే భయం. తలుపు మూస్తే భయం, నేను కూరగాయలకు వెళితే భయం. భయపడితే ఆయాసం వచ్చేది, ఆయాసం వచ్చిందని ఇంకా భయపడేవాడు. మందు పీల్చే పంపు చేతిలో ఉండి కూడా ఎక్కడుందే, ఎక్కడుందే అని వెతుక్కునేవాడు. అలా కొన్నాళ్ళు గడిచాక ఆ గాభరా కాస్తా దిగులైపోయింది. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. మనవరాలు వచ్చి పలకరించినా తిరిగేవాడు కాదు. ఒకరోజు అన్నం కలిపి ముద్ద పెడుతుంటే, ఇందులో ఇంత విషం కలిపెయ్యవే, ఇద్దరికీ పీడా వదులుతుంది అన్నాడు. నేను కంచం విసిరికొట్టాను. మెతుకులు ఏరుకుంటూ ఏడ్చాను. ఆయన ఏడవలేదు, ఏడవడానికి కూడా ఊపిరి కావాలి.

అదిగో, అప్పుడు డాక్టరు గారు గ్లోరి దగ్గరికి పంపారు. ఫిజియోథెరపీ చదివిన పిల్ల, వారంలో రెండు రోజులు విజయవాడ నుంచి బస్సులో వచ్చిపోతుంటుంది. గుప్పిళ్ళు బిగించమంటుంది, వదిలెయ్యమంటుంది. భుజాలు చెవుల దాకా ఎత్తమంటుంది, వదిలెయ్యమంటుంది. పెదాలు ఈల వేసేటట్టు పెట్టి గాలి మెల్లగా ఊదమంటుంది. ఆఖర్న కళ్ళు మూసుకుని మీకు బాగా ఇష్టమైన చోటు తలుచుకోండి అంకుల్, అక్కడే ఉన్నాననుకోండి అంటుంది. నేను నవ్వింది అప్పుడే. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. ఊపిరితిత్తులు మారవు ఆంటీ, భయం తగ్గితే ఉన్న ఊపిరి సరిపోతుంది, అంతే అంది.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి, సరిపోయింది. నెల తిరిగేసరికి మా ఆయన తలుపు మూసుకుని స్నానం చేశాడు. నేను సంతకు వెళ్ళొస్తే, అప్పుడే వచ్చావేంటే, ఇంకాసేపు బేరమాడకపోయావా అన్నాడు. గాభరా మొదలైతే తనే కుర్చీలో వెనక్కి వాలి, భుజాలు దించుకుని, పెదాలు ఈలలా పెట్టి ఊదుకునేవాడు. నేను పక్కన కూర్చుని గ్లోరి చెప్పే మాటలే చెప్పేదాన్ని, వదిలెయ్యి, మెడ వదిలెయ్యి, దవడ వదిలెయ్యి అని. దవడ వదలడం నీకు రాదు గానీ నాకు చెబుతున్నావు అని వెక్కిరించేవాడు.

కళ్ళు మూసుకుని ఏ చోటు తలుచుకుంటున్నాడో చాలా రోజులు చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఒకరోజు చెప్పాడు. మామిడికాయల లారీ మీద, కాయల మీద గోనెలు పరుచుకుని వెల్లకిలా పడుకుంటాడట. లారీ మైలవరం దాటుతుందట. తెల్లవారుగాలి ముఖానికి కొడుతుంటే నోరు తెరిచినా తెరవకపోయినా అదే లోపలికి పోతుందట. మరి ఆ లారీ మీద నేనున్నానా అని అడిగాను. లేవు, అందుకే అంత హాయిగా ఉంది అన్నాడు. ఎన్నాళ్ళకో ఇద్దరం నవ్వాం. నవ్వితే దగ్గు వచ్చింది, అయినా నవ్వాడు.

మొన్న ఎండాకాలం చివర్లో, బడులు తెరిచిన వారంలో ఆయనకు కాస్త జలుబు చేసింది. కళ్ళె చిక్కగా పడుతోంది. పొద్దున్నే తలనొప్పి అన్నాడు. అవన్నీ మాకు మామూలే. ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు తిని, కుర్చీలో కూర్చుని తన లెక్కలో తను భుజాలు వదిలాడు, మెడ వదిలాడు, కళ్ళు మూశాడు. కాసేపటికి నిద్రపోయాడు. ఎంత నిద్రనుకున్నారు. నుదుటి మీద ముడత లేదు. చేతులు ఒళ్ళో తెరుచుకుని పడి ఉన్నాయి. పక్కింటి నాగేంద్రమ్మ టీవీ పెద్దగా పెడితే వెళ్ళి తగ్గించి వచ్చాను. మా అబ్బాయి ప్రేమ్ కిరణ్ ఆటో ఆపి లోపలికొస్తే, గుమ్మంలోనే ఆపి, నాన్న ఇన్నేళ్ళకు సుఖంగా పడుకున్నాడు, లేపావంటే చంపుతానన్నాను. వాడు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను మరియమ్మ తల్లి పటం ముందు మోకరించి, ఈ నిద్ర చాలు తల్లీ, ఇంకేం అడగను అన్నాను. అంత సంతోషంగా ఉన్నాను ఆ పూట.

స్కూలు పిల్లలు ఇళ్ళకొచ్చే వేళ టీ పెట్టి లేపాను. లేవలేదు. గట్టిగా కుదిపితే కళ్ళు సగం తెరిచి, లారీ వచ్చిందా అన్నాడు. నేను నవ్వాను కూడా, కలగన్నావా అని. గ్లాసు అందుకోబోతే చెయ్యి కొట్టుకున్నట్టు ఎగిరెగిరి పడింది. నాలుక మందమైపోయి మాట అర్థం కావడం లేదు. మళ్ళీ కళ్ళు మూతలు పడ్డాయి. నేను అరిచిన అరుపుకు నాగేంద్రమ్మ పరుగెత్తుకొచ్చింది. ఫోన్ చేస్తే వెనక్కి వచ్చిన కొడుకు ఆటోలోనే ఆసుపత్రికి, అక్కణ్ణుంచి అంబులెన్సులో విజయవాడకు తీసుకెళ్ళాం.

అక్కడ ముఖానికి మాస్కు బిగించి మిషనుతో గాలి కొట్టారు. ఛాతీ డాక్టరు గారు బయటికొచ్చి, ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడమ్మా అని అడిగారు. మధ్యాహ్నం నుంచి హాయిగా నిద్రపోయాడు సార్ అన్నాను.

"అది హాయి కాదమ్మా. మత్తు. లోపలి చెడుగాలి బయటికి పోక రక్తంలో పేరుకుపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే లేచేవాడు కాదు."

గ్లోరి నేర్పిన దానివల్లేనా అని అడిగితే కాదన్నారు, కళ్ళె పట్టి ఇన్ఫెక్షన్ అయిందన్నారు. ఆ వ్యాయామం మంచిదే, మానొద్దన్నారు. కాకపోతే ఇంటికి వెళ్ళాక మరీ మగతగా ఉన్నా, పిలిస్తే సరిగా పలక్కపోయినా, మాట తడబడినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆయన చెప్పిన వాటిలో నాకు చెవికెక్కింది ఈ చివరి ముక్క ఒక్కటే.

ఇంటికి వచ్చాం. ఆయన బతికి వచ్చాడని అందరూ స్తోత్రాలు చేశారు. నేనూ చేశాను. ఆ మర్నాడు ఆయన కుర్చీలో వాలి కళ్ళు మూశాడో లేదో, నేను వెళ్ళి ముఖంలో ముఖం పెట్టి చూశాను. నిద్రకూ మత్తుకూ తేడా పైకి ఏముంది, చెప్పండి. అవే మూసిన కళ్ళు, అదే తెరుచుకున్న చెయ్యి. గ్లోరిని ఫోన్‌లో అడిగితే, లేపి పేరు అడగండి ఆంటీ, సరిగ్గా చెబితే మామూలు నిద్రే అంది. అది ఎప్పుడన్నా అనుమానమొస్తే చెయ్యమని చెప్పింది. నాకు అనుమానం రానిదెప్పుడు.

భుజం కుదిపి, నీ పేరేంటయ్యా అనేదాన్ని. శౌరయ్య అనేవాడు. మన ఊరేది అనేదాన్ని, తిరువూరు అనేవాడు. మొదట్లో సరదాగానే తీసుకున్నాడు. మన పెళ్ళెక్కడైందని అడిగితే, నా ఖర్మ కాలిన చోట అన్నాడు. ఆయనకు కన్ను మూతపడినప్పుడల్లా అడిగాను. వంట మధ్యలో గరిటె పట్టుకుని వచ్చి అడిగాను. తరవాత తరవాత విసుక్కున్నాడు. ఒకరోజు చేతులు జోడించి, కాసేపు నన్ను పోనివ్వవే, మైలవరం కూడా దాటలేదు అన్నాడు. అరగంట ఊరుకుందామని ఒట్టు పెట్టుకుని వాకిట్లోకి పోయాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ చేట అక్కడే పడేశాను. లోపలికి పరుగెత్తి మళ్ళీ లేపాను. ఉలిక్కిపడి లేచాడు, లేవగానే ఆయాసం, ఆ వెనకే పాత గాభరా. పంపు చేతిలో పెట్టుకుని ఎక్కడుందే, ఎక్కడుందే అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆ మందు పేరు జోజమ్మ అని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగుతుందా.

అప్పటి నుంచి ఆయన కళ్ళు మూయడం మానేశాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, వీధిలోకి చూస్తూ ఉంటాడు. భుజాలు దించడం లేదు. పెదాలు ఈలలా పెట్టి ఊదడం లేదు. అన్నం తగ్గింది, మనిషి చిక్కిపోయాడు. ఏమయ్యా, ఆ వ్యాయామం చెయ్యవేం అని నేనే అడిగాను, సిగ్గు లేకుండా. మర్చిపోయానే అన్నాడు.

రెండు వారాలుగా ఆసుపత్రికి రాలేదని గ్లోరి మొన్న మధ్యాహ్నం మా ఇంటికే వచ్చింది. ఎండకు ముఖం కందిపోయి ఉంటే మజ్జిగ ఇచ్చాను. తాగి, ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. మెడ మీద చెయ్యి వేసి, ఇంత బిగుసుకుపోయారేంటి అంకుల్, మళ్ళీ మొదటికొచ్చారు, ఏదీ, ఒకసారి కళ్ళు మూసుకోండి అంది.

"వద్దమ్మా" అన్నాడు మా ఆయన.

మత్తు వస్తుందని భయమా, అలా ఏం కాదు, నేనున్నానుగా అంది ఆ పిల్ల. ఆయన కాదన్నట్టు తల ఊపాడు. ఒక ఊపిరి తీసుకుని, ఇంకో ఊపిరి తీసుకుని చెప్పాడు.

"నాకేం భయం లేదమ్మా. నేను కళ్ళు మూస్తే అది చచ్చిపోతోంది."

గ్లోరి నా వంక చూసింది. నేను మజ్జిగ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాసేపటికి వెనకే వచ్చి, మీరు కూడా నా దగ్గర కూర్చోవాలి ఆంటీ, ఇది మీకూ జబ్బే, రేపు వస్తారా అని మెల్లగా అడిగింది. వస్తాను తల్లీ అన్నాను. ఆయన్ని ఎవరికి అప్పజెప్పి వెళతాను. ఆ పిల్లకూ తెలుసు రానని. బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

నేను వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఎండ వేళ, కరెంటు లేదు, వీధిలో అలికిడి లేదు. ఆయన కళ్ళు బరువెక్కి వాలిపోతున్నాయి. వాలినప్పుడల్లా తొడ మీద గోటితో గిచ్చుకుని తెరుస్తున్నాడు. నేను చూడటం లేదనుకుంటున్నాడు. లుంగీ పక్కకు తొలిగిన చోట ఎర్రగా కందిన మచ్చలు, కొన్ని పాతబడి నల్లబడ్డాయి కూడా.

పడుకోవయ్యా, నేను లేపను అని చెప్పాలి. అంతే, రెండు ముక్కలు. లేచి వెళ్ళి స్టవ్ వెలిగించాను. పాలు తక్కువ పోసి, టీ పొడి రెట్టింపు వేసి, నిద్ర దరిచేరనంత నల్లగా అయ్యేదాకా మరిగించి తెచ్చాను. అంత చేదు టీ ఆయన జన్మలో తాగి ఉండడు. గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. ఎందుకిచ్చానో అడగలేదు. ఊదుకుంటూ, మధ్య మధ్య ఆగుతూ, చుక్క మిగల్చకుండా తాగాడు.