గ్రహణం వేళ ఎల్డన్ ప్రూయిట్ చూసినది

బెల్ రిడ్జ్ చరిత్రలో సూర్యుణ్ణి ఆర్పి వెలిగించే అధికారం ఒకే ఒక్క మనిషి అనుభవించాడు. ఆయన హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన ఎల్డన్ ప్రూయిట్. ఏడేళ్ళ కిందటి ఆగస్టులో, ఇల్లినాయ్ దక్షిణపు కొసన ఉన్న ఆ ఊరి మీదుగా చంద్రుడి నీడ నడిచినప్పుడు, ఆయన తన పెరట్లో బోర్లించిన దాణా బకెట్టు మీద నిలబడి, "అద్దాలు తియ్యండి" అని ఆజ్ఞాపించాడు. ఊరంతా అట్ట కళ్ళజోళ్ళు తీసి పైకి చూసింది. సూర్యుడు లేడు. కాసేపటికి "అద్దాలు పెట్టండి" అన్నాడు. సూర్యుడు వచ్చాడు. ఇంతటి విధేయతను ఆయన ఉద్యోగకాలంలో ఏ తరగతీ కనబరచలేదు.

అయితే ఆయన మనసులో భద్రపరచుకున్నది ఆ ఆజ్ఞ కాదు. చీకటి కమ్మిన ఆ క్షణంలో, బకెట్టు పక్కన నిలబడిన భార్య మార్లిస్ ఆయన చెయ్యి పట్టుకుంది. చర్చిలో పాటల పుస్తకం తప్ప నలుగురి ఎదుట మరి దేనినీ గట్టిగా పట్టుకోని మనిషి ఆమె. గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. వాటిని చూసుకుంటూనే ఆయన భోజనం చేశాడు. ఆమె మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు, ఆయన అడగలేదు. కానీ ఈ ఏప్రిల్లో మరో సంపూర్ణ గ్రహణం అదే ఊరి మీదుగా పోతుందని తెలిసిన నాటి నుంచి, దానిని ఆయన ఖగోళ విశేషంగా కాక, తన కుడిచేతికి సంబంధించిన సొంత వ్యవహారంగా భావించసాగాడు.

ఈ శుభకార్యానికి రాహువు అరిజోనా నుంచి పికప్ ట్రక్కులో వచ్చాడు. పేరు రాస్కో టిండల్. పుట్టింది ఈ ఊళ్ళోనే. హైస్కూలు ఆఖరి ఏడాది డాన్సుకు మార్లిస్‌ను వెంటబెట్టుకు వెళ్ళిన ఘనత అతనిది. భార్య పోయాక తిరిగి వచ్చి, గుట్ట మీది పీచ్ తోట కొన్నాడు. అతనితో పాటు ఒక టెలిస్కోపు దిగింది. అది తనంతట తానే సూర్యుణ్ణి వెతుక్కుంటుంది, తనంతట తానే వాడి వెంట తిరుగుతుంది, చూసిన ప్రతిదీ ఒక తెర మీద బొమ్మ కట్టిస్తుంది. గుట్ట మీద నుంచి అన్ని దిక్కులూ కనబడతాయి కనుక ఈసారి అందరూ అక్కడే చేరాలని ఊరు తీర్మానించింది. ఎల్డన్ పెరడు ఏ రక్తపాతమూ లేకుండా సింహాసనం కోల్పోయింది.

గ్రహణం నాడు ఆయన రెండు మడతకుర్చీలు చంకన పెట్టుకుని శత్రురాజ్యంలో అడుగుపెట్టాడు. దాణా బకెట్టును కూడా తెచ్చాడు గాని, దానిని కారు డిక్కీలోనే అజ్ఞాతంగా ఉంచాడు. కుర్చీలను టెలిస్కోపుకు వీలైనంత దూరంగా, తోట అంచున పక్కపక్కన వేసి, ఒకదానిలో కూర్చుని, రెండో దానిని చూశాడు. అది ఖాళీగా ఉంది.

"ఏంటి బావా, మొహం అలా పెట్టావ్? గ్రహణం ఇంకా మొదలవ్వలేదుగా," అంటూ మరదలు డార్లా మసాలా గుడ్ల పళ్ళెంతో వచ్చింది.

"మీ అక్క ఏదీ?"

"అదిగో, రాస్కో దగ్గర. తెర మీద ఎండ పడకుండా నల్లగుడ్డ పట్టుకోమన్నాడట. ఈ వయసులో అక్క చేతులకి భలే గిరాకీ వచ్చిందిలే."

చేతులన్న మాట, అప్పుడే నోట్లో వేసుకున్న గుడ్డుతో సహా, ఎల్డన్ గొంతులో అడ్డం పడింది. మంచినీళ్ళు తాగి, పరిస్థితిని స్వయంగా పరిశీలించడానికి బయలుదేరాడు.

బల్లల మీద ఉడికిన చిక్కుడుగింజలు, బంగాళాదుంప సలాడు, చంద్రుడి పేరు పెట్టుకున్నందుకు ఆ రోజు పట్టాభిషేకం పొందిన మూన్ పై అనే గుండ్రటి చాక్లెట్ బిస్కట్లు ఉన్నాయి. వాటికి ఆవల, తెల్లటి టెలిస్కోపు మెడ ఎత్తి నిలబడి ఉంది. దాని మూతికి వెండిరంగు అద్దపు మూత బిగించి ఉంది. సూర్యుణ్ణి నేరుగా చూసే ఏ కంటికైనా అది తప్పదు. దాని వెనుక మార్లిస్ ఒక నల్లగుడ్డను గొడుగులా పట్టుకుని ఉంటే, రాస్కో దాని కింద తల పెట్టి మాట్లాడుతున్నాడు.

"రండి మాస్టారూ," అన్నాడు తల బయటికి తీసి. "సూర్యుడి మీద మచ్చలు కూడా కనబడుతున్నాయి."

"నాకు మామూలు కళ్ళు చాలులే, రాస్కో."

"మీ ఇష్టం. ఇంతకీ బకెట్టు తెచ్చారా? బకెట్టెక్కి ఉపన్యాసం ఇస్తారట కదా. ఈసారి మీకా శ్రమ లేదు లెండి, అన్నీ ఫోనే చెప్పేస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది. చిన్న నవ్వే, ఎల్డన్ మాత్రం దానిని ఏ టెలిస్కోపు సాయమూ లేకుండా నూరు రెట్లు పెద్దదిగా చూశాడు.

"చేతులు నొప్పి పుట్టట్లేదూ?" అని భార్యను అడిగాడు.

"ఇంకాసేపే. నువ్వెళ్ళి కూర్చో, వస్తా."

వస్తానన్న మాటను ఆయన కుర్చీ దాకా మోసుకెళ్ళి, అన్ని వైపుల నుంచీ పరీక్షించి, అందులో సత్యం పాలు తక్కువేనని తేల్చాడు.

సూర్యుడు తరుగుతూ వచ్చాడు. డార్లా నూడుల్స్ వార్చే చిల్లుల గిన్నెను ఎండకు పట్టుకోగా, గడ్డి మీద పరిచిన తెల్ల దుప్పటి నిండా చిన్న చిన్న నెలవంకలు రాలాయి. వెలుగు పల్చబడి, స్టీలు వంటపాత్రల రంగుకు తిరిగింది. గాలి చల్లబడింది. కింద చెరువులో కప్పలు సాయంత్రమైందని భ్రమపడి కచేరీ ప్రారంభించాయి. ఎల్డన్ లేచి నిలబడ్డాడు. బకెట్టు లేకపోయినా గొంతు ఉంది. రొమ్ము నిండా గాలి పీల్చాడు.

"ఇప్పుడు కళ్ళద్దాలు తీయవచ్చు," అంది గుట్ట నడిమి నుంచి రాస్కో ఫోను, ఎంతో మర్యాదగల ఆడగొంతుతో.

ఊరంతా విధేయంగా తీసింది. ఒక్కుమ్మడిగా "ఆఁ!" అన్నారు, తర్వాత ఎవరో ఏడ్చారు. ఎల్డన్ పీల్చిన గాలి పీల్చినట్టే ఉండిపోయింది. ఆయన కూడా అద్దాలు తీశాడు. అయితే పైకి చూడలేదు. పక్క కుర్చీ కేసి చూశాడు. ఖాళీ. అంటే ఈ చీకట్లో ఆ గోళ్ళు ఎవరి చేతిలో దిగుతున్నట్టు?

దీనికి జవాబు ఆకాశంలో దొరకదని నిశ్చయించుకుని, ఆయన పీచ్ చెట్ల చాటున అడ్డదారి పట్టాడు. రాలుతున్న పూరేకులు నెత్తిన పడుతుండగా, చెట్ల వేర్లకు తట్టుకుంటూ, పరాయి కోటలోకి చొరబడే వేగులవాడిలా టెలిస్కోపు వెనక్కి చేరాడు.

మార్లిస్ అక్కడ లేదు. రాస్కో ఒక్కడే ఉన్నాడు. నల్లగుడ్డ అతని తల మీద ముసుగులా పడి ఉంది.

"ఏమైంది దీనికి," అంటున్నాడు ముసుగులోంచి. "తెరంతా నల్లగా ఉందేంటి. ఇందాకటి దాకా బానే ఉందిగా."

ఎల్డన్‌కు కారణం ఒక్క చూపులోనే తెలిసింది. టెలిస్కోపు మూతికి వెండిరంగు అద్దం ఇంకా బిగించే ఉంది. మండే సూర్యుడికి తప్ప మరి దేనికీ అందులో ప్రవేశం లేదు. సంపూర్ణ గ్రహణం మొదలవగానే దానిని తీసెయ్యాలి. ఊరందరి అద్దాలూ తీయించిన ఆ ఫోను, యజమాని టెలిస్కోపును మాత్రం మరిచిపోయింది. ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పడం ఎల్డన్‌కు కొత్తా కాదు; అది ఆయన హోదా, ఆయన కీర్తి.

ఆయన నోరు మెదపలేదు. చెట్టుకు ఆనుకుని, చేతులు కట్టుకుని, రాస్కో వీపు ఒక మీట నుంచి మరో మీటకు వంగడం చూశాడు. ఊరి చుట్టూ నలుదిక్కులా సంధ్యారాగం పరుచుకుంది. నడినెత్తిన ఏదో మహాద్భుతం వేలాడుతోంది. దానికి ఊరంతా సాక్షి, ఈ ఇద్దరు తప్ప. ఎల్డన్ అసూయకు అంతకంటే రుచికరమైన దృశ్యం మూడు లోకాల్లో లేదు.

"కళ్ళద్దాలు పెట్టుకోండి," అంది ఫోను.

రాస్కో ముసుగు లాగేసి తలెత్తాడు. అప్పటికే సూర్యుడి మొదటి కిరణం దిగింది. గ్రహణం విడిచే వేళ ఆకాశంలో మెరిసే వజ్రపుటుంగరాన్ని ఎల్డన్ రాస్కో బట్టతల మీద దర్శించుకున్నాడు.

జనం చప్పట్లు కొడుతూ ఒకరినొకరు కావలించుకుంటున్నారు. రాస్కో చెయ్యి మెల్లగా టెలిస్కోపు మూతిని తడిమి, అద్దం మీద ఆగింది.  వెనక్కి తిరిగితే ఎల్డన్ కనబడ్డాడు.

"మాస్టారూ. ఎంతసేపయింది ఇక్కడికొచ్చి?"

"ఇప్పుడే." ఏడాది పొడవునా ఎగతాళి చెయ్యడానికి సరిపడా సరుకు ఎల్డన్ నాలుక చివర ఉంది. అయితే దానిని వాడాలంటే ఆ చీకటిలో తన కళ్ళు ఎక్కడున్నాయో కూడా చెప్పుకోవాలి.

"బాగా కనబడిందా?" అన్నాడు రాస్కో.

"బ్రహ్మాండంగా. నీకో?"

"ఓ. జన్మ తరించింది."

ఇద్దరూ కొంతసేపు ఒకరికొకరు గౌరవపూర్వకంగా తల ఊపుకున్నారు.

ఎల్డన్ తోట అంచుకు తిరిగి వచ్చేసరికి మార్లిస్ తన కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఎడమచేయి ఇంకా పక్క కుర్చీ అల్యూమినియం చేతి మీదే ఉంది.

"ఎక్కడికి పోయావ్?" అంది. "చీకటి పడగానే ఆ గుడ్డ రాస్కో నెత్తిన పడేసి, బల్లల చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చా. పైనుంచి చూపు తిప్పకుండానే నీ చెయ్యి పట్టుకున్నా. ఇంత చల్లగా ఉందేంటి, భయపడ్డాడేమో పాపం అనుకున్నా. వెలుగొచ్చాక చూస్తే కుర్చీ."

ఎల్డన్ ఆ కుర్చీని చూశాడు. దాని చేతికి గోళ్ళ గుర్తులు పడవు. దానికి ఆ విలువ తెలియదు.

"చెప్పవేం? ఎక్కడున్నావ్?"

అబద్ధాలు రాస్కో దగ్గరే ఖర్చయిపోయాయి. "రాస్కోని చూస్తున్నా," అన్నాడు.

"నాలుగు నిమిషాలూ?"

"నాలుగూ. నువ్వక్కడున్నావేమో అని."

మార్లిస్ ఆయనను చాలాసేపు చూసింది. "బాగున్నాడా?" అంది.

"తల వంచుకునే ఉన్నాడు."

 ఆమె పెదవి కొస కొంచెం కదిలింది గాని, అది కోపమో మరొకటో ఆయనకు అంతుపట్టలేదు. ట్రాఫిక్కు భయపడి జనం అప్పుడే కార్లు తీస్తున్నారు. పైన సూర్యుడు ఇంకా సగం కొరికిన బిస్కట్టులా ఉన్నాడు. వాణ్ణి పట్టించుకునే నాథుడు లేడు. మార్లిస్ కింద పడిన అట్ట కళ్ళజోడు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"కూర్చో. మిగిలిందన్నా చూడు."

ఆయన కూర్చుని, అద్దాలు పెట్టుకుని, తలెత్తాడు. కుడిచేతిని కుర్చీ చేతి మీద, ఎవరైనా పట్టుకోవడానికి వీలుగా, యథాలాపంగా ఉన్నట్టు పరిచాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఓరగా అద్దం ఎత్తి చూశాడు. మార్లిస్ రెండు చేతులతో ఒక మూన్ పై పట్టుకుని, తీరిగ్గా తింటోంది.

ఎల్డన్ మళ్ళీ ఆకాశం కేసి తిరిగాడు గాని, ఆయన మనసంతా ఆ బిస్కట్టు మీదే ఉంది.